నమశ్శబ్దమును సలామును

గౌలిగూడ వీథులందు నమస్కారమును సలామును పక్కపక్కనే వినవచ్చును. మొదటిది సమానులకు తగిన మర్యాదయనియు, రెండవది దర్బారుల దాస్యచిహ్నమనియు కొందఱందురు. ఈ మాట శబ్దవిచారమునకు నిలువదు. ధాతుపాఠమున నమధాతువునకు ప్రహ్వత్వము, అనగా వంగుట, అర్థముగా చెప్పబడినది. అరబ్బీ పదమగు సలామునకు శాంతి యని యర్థము; అందు వంపు లేదు. కావున యోగార్థమును బట్టి వంగునది నమస్కారమే! పాణిని నమశ్శబ్దయోగమున చతుర్థిని విధించెనే కాని, ఎవరి కెంత వంగవలెనో విధింపలేదు. అది ఆచారము పని. ఆసఫ్‌జాహీ దర్బారున సలాము నడుము వంచినది ఆచారబలముచేతనే. నేటి నమస్కారమో, చేతులు జోడించుటతోనే తృప్తి నొందుచున్నది.

ఆచారము అధికారము ననుసరించు ననుటకు గౌలిగూడకు చేరువనున్న కోఠీ రెసిడెన్సీ చరిత్రమే సాక్షి. 1869 వఱకు ఆంగ్ల రెసిడెంటు నిజాము సముఖమున పాదరక్షలు విడిచి నేలపై కూర్చుండుచుండెను. ఆ యేట మూడేండ్లైనను నిండని మీర్ మహబూబ్ అలీఖాను గద్దె నెక్కినప్పుడు, రెసిడెంటు సాండర్సు పట్టుబట్టి ఆ మర్యాదను మార్పించి, పాదరక్షలతోనే కుర్చీపై కూర్చుండెను. దర్బారు ప్రభువులు మాత్రము ఆ పసివానికి వెనుకటివలెనే వంగి సలాము చేయుచుండిరి.