మిల్లీమీటర్ల గురి

తలలోని కణితులకు కిరణాలతో చేసే గామా నైఫ్ చికిత్సలో తరచూ తలకు నాలుగు మరలతో లోహపు చట్రం బిగిస్తారు. మత్తు సూది ఆ నాలుగు చోట్లే. రోగి సాధారణంగా మెలకువగానే ఉంటాడు. ఎమ్మారై తీశాక అసలు పనితనం మొదలవుతుంది.

నేటి గామా నైఫ్‌లోని 192 కోబాల్ట్ కిరణాలు విడివిడిగా బలహీనం. దారిలోని మెదడుకు పెద్దగా హాని చేయవు. అన్నీ కలిసే బిందువు దగ్గరే కణితికి దెబ్బ. ఆ బిందువులను కణితి ఆకారానికి తగ్గట్టు పేర్చేది న్యూరోసర్జన్, రేడియేషన్ ఆంకాలజిస్ట్, మెడికల్ ఫిజిసిస్ట్ కలిసి. వినికిడి నరం దగ్గర పెరిగిన కణితికి సాధారణంగా 12, 13 గ్రే రేడియేషన్ మోతాదు ఇస్తూనే, లోపలి చెవి మీద, పక్కనున్న ముఖనరం మీద ఎంత పడుతుందో లెక్క చూసుకుంటారు. ఎంత ఓపిక కావాలి!

పుర్రె తెరవరు. చాలామంది ఆ రోజో మర్నాడో ఇల్లు చేరతారు. కణితి వెంటనే మాయం కాదు. పెరుగుదల ఆగిందని తేల్చుకోవడానికి ఏళ్ల తరబడి స్కాన్లు తీయించుకోవాల్సిందే.