నీటిని ఆపేది కుట్టే

వాన ఆపాలంటే గొప్ప గుడ్డ ఉంటే చాలనుకుంటాం. అలాస్కా తీరాన అల్యూట్, యూపిక్ తెగల స్త్రీలు సముద్ర వేటగాళ్ల కోసం సీల్, వాల్రస్ పేగులతో కుట్టిన చొక్కాలు ఆ నమ్మకాన్ని సవాలు చేస్తాయి. పేగును శుభ్రం చేసి, గాలి ఊది ఆరబెట్టి, పట్టీలుగా కోసి, జంతువుల స్నాయువు నుంచి తీసిన దారంతో కలిపేవారు. ఆ పొర అలల నీటిని ఆపుతుంది, చెమట ఆవిరిని వదులుతుంది. వెచ్చదనం లోపల తొడిగిన బొచ్చుచొక్కాది. పట్టీలు కలిసే చోట నీరు చొరబడితే మాత్రం ఇదంతా వృథా. అందుకే అసలు పనితనం ఆ కుట్టులోనే ఉంది.

ఆరితే పేగు పెళుసవుతుంది, తడిపి తొడగాలి, నేటి వానకోట్ల గుడ్డ గోర్‌టెక్స్‌కు ఆ బాధ లేదు కదా అనవచ్చు. నిజమే. కానీ ఆ గుడ్డకు మూలమైన, 1969లో బాబ్ గోర్ సాగదీసిన పొర వచ్చాక కూడా కుట్లపై టేపు అంటించక తప్పలేదు. మురికి పట్టిన కోటును ఉతకకా తప్పదు. పదార్థం మారింది, దర్జీ బాధ్యత మారలేదు. వేటగాడి ప్రాణం నిలిపిన ఖ్యాతిలో సగం సూదికి దక్కాలి.