మున్నేరు పొంగకముందే

ఐతవరం దగ్గర మున్నేరు రోడ్డెక్కుతుందో లేదో ఐతవరం మీది మబ్బును చూసి చెప్పలేం. ఆ నీళ్ళు వరంగల్ వైపు పుట్టి ఖమ్మం మీదుగా వస్తాయి. కీసర చేరేసరికి వైరా, కట్టలేరు కూడా తోడవుతాయి. అందుకే నందిగామ, జగ్గయ్యపేట పల్లెల్లో వాయుగుండం కబురు వినగానే ఏరు తెలిసిన పెద్దలు ముందు అడిగే ప్రశ్న ఒకటే: ‘ఖమ్మంలో ఎన్ని అడుగులుంది?’

ఖమ్మంలో మున్నేరు 16 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 24 అడుగులకు రెండోది. 2024 సెప్టెంబరు 1న అది 36 అడుగులు దాటింది. అదే ఉదయానికి జగ్గయ్యపేటలో ఒక్క రోజులో దాదాపు 26 సెంటీమీటర్ల వాన పడింది. గరికపాడు దగ్గర పాలేరు వంతెన దెబ్బతింది. ఐతవరం దగ్గర హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి మీదుగా వరద పారింది. అంతకు ముందు ఏడాది జులైలోనూ అక్కడే రాకపోకలు ఆగిపోయాయి.

ఏటి ప్రమాదాన్ని ముందే అంచనా కట్టడం ఒక విద్య. దానికి మూడు లెక్కలు కావాలి. ఎగువన ఎంత కురిసింది? నేల ఇప్పటికే ఎంత తాగింది? దిగువన నీళ్ళు పోవడానికి దారుందా? వారం రోజులుగా ముసురు పట్టి నానిన నల్లరేగడి కొత్త వానను ఇముడ్చుకోలేదు, పడ్డదంతా వాగులోకే తోస్తుంది. కింద కృష్ణ నిండుగా ఉంటే మున్నేరు నీళ్ళు త్వరగా దిగవు, వెనక్కి తన్నుతాయి. మూడూ ఒకేసారి కలిసిన రోజే గండం.

హిమాలయాల్లో మంచుచరియల ప్రమాదాన్ని లెక్కగట్టేవాళ్ళ పద్ధతీ ఇదే. కొత్త మంచు ఎంత పడిందో చూసి ఊరుకోరు. గొయ్యి తవ్వి కింది పొరలు చూస్తారు. బలహీనమైన పొర మీద గాలి తెచ్చిన బరువు పేరుకుంటే, 30 నుంచి 45 డిగ్రీల వాలున్న కొండకు దూరంగా ఉండమంటారు. 2025 ఫిబ్రవరి 27న చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ చమోలీ జిల్లా ఎత్తైన ప్రాంతాలకు హెచ్చరిక ఇచ్చింది. మరుసటి ఉదయమే మాణా దగ్గర రోడ్డు పనివాళ్ళ శిబిరం మీద మంచు విరుచుకుపడింది. 54 మంది చిక్కుకుంటే 8 మంది చనిపోయారు. హెచ్చరిక జారీ కావడం ఒక ఎత్తు, దాన్నిబట్టి మనుషులు కదలడం ఇంకో ఎత్తు.

మన దగ్గరా లోటు ఇక్కడే ఉంది. రెడ్ అలర్ట్ సందేశం ఫోన్‌కు వస్తుంది, చదువుతాం, బండి తీస్తాం. చప్టా దగ్గరికి వెళ్ళాక చూద్దాంలే అనుకుంటాం. అక్కడికి వెళ్ళాక వెనుక హారన్లు, ముందు దాటిపోయిన బండి, అవతల ఇల్లు. ఆ తొందరలో సరైన నిర్ణయం పుట్టదు. పారే నీరు అడుగు లోతుంటే చిన్న కారును నెట్టేయగలదు, రెండడుగులైతే చాలా వాహనాలను లాక్కుపోతుంది. బురద నీటి కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో డ్రైవరుకు కనిపించదు.

ఒడ్డున పశువులున్న రైతు చేసే పని చూడండి. నీటి అంచున ఒక పుల్ల పాతుతాడు. కాసేపటికి వచ్చి చూస్తాడు. పుల్ల నీళ్ళలోకి పోయి, నీటి రంగు ఎర్రబారి, తుంగా చెత్తా కొట్టుకొస్తుంటే ఇంకెవరినీ అడగడు. గొడ్లను విప్పి మెరకకు తోలేస్తాడు. అప్పటికి వాళ్ళ ఊళ్ళో వాన వెలిసి ఉండొచ్చు కూడా.

అందుకే వాతావరణ శాఖ ఎన్టీఆర్ జిల్లాకో ఖమ్మానికో ఆరెంజ్, రెడ్ హెచ్చరిక ఇచ్చిన రాత్రి పడుకోబోయే ముందే తేల్చుకోండి: రేపు ఏ దారిన వెళ్ళకూడదు, ఖమ్మంలో ఎన్ని అడుగులు దాటితే ఇల్లు ఖాళీ చేయాలి, ముసలివాళ్ళను ఎవరింటికి చేర్చాలి. సాయానికి 112, విపత్తుల సంస్థ కంట్రోల్ రూమ్ 1070 నంబర్లు ఇంట్లో అందరికీ తెలియాలి. ఐతవరం దగ్గర నీళ్ళు రోడ్డు మీదికొస్తే మాత్రం, ఎంత పనున్నా, బండి వెనక్కి తిప్పండి.