వేగము వస్తువైన డేనిష్ చిత్రము

1946వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన డెన్మార్కు, నార్వే, స్వీడన్ దేశముల విమాన సంస్థలు ఏకమై స్కాండినేవియన్ ఎయిర్‌లైన్స్ సిస్టమ్‌ను నెలకొల్పినవి. సెప్టెంబరులోనే న్యూయార్కునకు విమానము నడిచినది. 1949లో నార్వే, స్వీడన్‌ల ఉమ్మడి చిత్రముగా, విమాన సిబ్బందిని గూర్చి, ఓకె ఊబెర్గ్ దర్శకత్వమున ‘వీ ఫ్లీగెర్ పో రియో’ వెలువడినది. ఇట్టి చిత్రజాతి యందు సాధారణముగా వేళకు గమ్యము చేరుటయే వీరధర్మము. సుడిగాలి గాని, చెడిన ఇంజను గాని, సిబ్బందిలో ఒకరి మనోవ్యథ గాని ఆ ధర్మమునకు పరీక్షలు మాత్రమే.

ఆ వేళాపట్టికనే ముద్దాయిగా బోనులో నిలిపిన చిత్రము అంతకు ఒక యేడు ముందే, 1948లో, డెన్మార్కున పుట్టినది. అందు విమానము లేదు, మోటారు సైకిలున్నది. నిడివి సుమారు పండ్రెండు నిమిషములు. పేరు ‘దె నోడె ఫేర్గెన్’, అనగా ‘వారు పడవ నందుకొనిరి’. దర్శకుడు కార్ల్ థియోడర్ డ్రేయర్. యౌవనమున పత్రికా విలేఖరియై విమానయానమును గూర్చి వ్రాసి, తానును బెలూను లెక్కి విహరించిన వాడతడు. వేగమనిన నెరుగని ముసలి వైరాగి కాడని చెప్పుటకే ఈ ముచ్చట.

కథకు మూలము నోబెల్ బహుమాన గ్రహీత యోహానెస్ వి. యెన్సెన్ రచన. ఒక యువకుడు, వెనుక సీటున ఒక యువతి. ఫ్యూన్ ద్వీపపు పడమటి రేవు అసెన్సున దిగి, తూర్పు రేవు న్యూబోర్గున మరియొక పడవను అందుకొనవలెను. వ్యవధి చాలదు. అంతే! ఎందులకా తొందర యని చిత్రము చెప్పదు. చెప్పియుండిన మనము అతనిని క్షమించి యుందుము. మాటలు అతిస్వల్పము, ఇంజను హోరే సంభాషణ. వేగమాపకపు ముల్లు పైకి ప్రాకుచుండ, బాట ప్రక్కని చెట్లు గీతలై కరగిపోవుచుండ, ప్రేక్షకుని పాదము తనకు తెలియకయే బ్రేకును వెదకును. ఇంతలో మృత్యుముఖము గల ఒక డ్రైవరు తన బండితో దారి నడ్డగించును. పందెము ఒక చెట్టు మొదట ముగియును. కడపటి దృశ్యమున పడవపై రెండు శవపేటికలు. వైతరణి నెరిగిన మనకు ఆ పడవను పరిచయము చేయనక్కరలేదు.

ఆ డ్రైవరు ముఖమునకు పూసిన వేషము మాత్రము నాకు రుచింపలేదు. ముల్లు చాలియుండగా యముని వేషమేల?

ఇది ప్రభుత్వము రహదారి ప్రమాద నివారణకై తీయించిన ప్రచార చిత్రమనుట గమనింపవలెను. అదే 1948లో మనదేశమున ఫిలిమ్స్ డివిజన్ ఏర్పడినది. దశాబ్దములపాటు ప్రధాన చిత్రమునకు ముందు దాని లఘుచిత్రములు ప్రదర్శింపబడుచుండ, బీడీ కాల్చుకొనుటకు బయటనే నిలిచిన వారెందరో! ఉపదేశము వినిపించిన చోట జనము లేచిపోవుదురు. డ్రేయర్ ఉపదేశింపలేదు, పోలీసును చూపలేదు, అంకెలు చదువలేదు. మనలను వెనుక సీటున కూర్చుండబెట్టినాడు.

అతడే 1955లో ‘ఓర్డెట్’ తీసి వెనిస్ చిత్రోత్సవమున స్వర్ణసింహమును గైకొనెను. అందు కెమెరా ఒక పల్లెయింటి గదిలో, మనిషి నడకకన్న మెల్లగా కదలాడును.