ఇండస్ట్రీ నుంచి ఇండస్ట్రీకి

తెలుగులో ‘ఇండస్ట్రీ’ అంటే సినిమా ఒక్కటే. సిమెంటు, ఉక్కు, మందుల కంపెనీలు ఎన్ని ఉన్నా సరే, “మావాడు ఇండస్ట్రీలో ఉన్నాడు” అంటే ఎవరైనా ఫిల్మ్‌నగర్ అనే అనుకుంటారు. లండన్‌లో డబ్బు వ్యాపారంలో ఉన్నవాళ్ళు తమ వృత్తిని కూడా ఆ మాటతోనే పిలుచుకుంటారు. మిక్కీ డౌన్, కాన్రాడ్ కే అనే ఇద్దరు స్నేహితులు ఆ ఇండస్ట్రీ వదిలి ఈ ఇండస్ట్రీలోకి వచ్చారు. వచ్చి తీసిన సిరీస్ పేరు ‘ఇండస్ట్రీ’.

ఇద్దరూ ఆక్స్‌ఫర్డ్‌లో చదివారు. డౌన్ రాత్‌చైల్డ్‌లోనూ, కే మోర్గన్ స్టాన్లీలోనూ కొంతకాలం ఉద్యోగం చేసి బయటికొచ్చారు. వాళ్ళ సిరీస్ 2020 నవంబరులో హెచ్‌బీఓ, బీబీసీల్లో మొదలైంది. పియర్‌పాయింట్ అనే ఊహాబ్యాంకులో కొత్తగా చేరిన కుర్రకారు కథ. మొదటి ఎపిసోడుకి లీనా డనమ్ దర్శకురాలు. ఇక్కడ నేను మాట్లాడేది మొదటి మూడు సీజన్ల గురించి, అంటే 24 ఎపిసోడ్ల గురించి. కథలో మలుపులు కొన్ని చెప్పక తప్పదు, ఇంకా చూడనివాళ్ళు గమనించాలి.

ముందు ఒక మాట తేల్చుకోవాలి. డౌన్, కే ఈ సిరీస్‌కి రచయితలు, ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్లు కూడా. మనకు నిర్మాత అంటే డబ్బు పెట్టే మనిషి. ఆ వెనకాల వడ్డీకి తెచ్చిచ్చే ఫైనాన్సియరు ఇంకొకడుంటాడు, అతని పేరు తెరమీద కనబడదు. అక్కడి టీవీలో ఈ హోదా చాలాసార్లు డబ్బుకి కాదు, కథ మీద పెత్తనానికి గుర్తు. ఎవర్ని తీసుకోవాలి, ఏ సీను ఉంచాలి, ఏది కోసెయ్యాలి అని చెప్పగలిగే అధికారం. రాసేవాడే నిర్మాత కావడం మనకీ కొత్తేం కాదు, విజయా వారి చక్రపాణి ఉన్నారు. కాబట్టి డబ్బు లెక్కలు తెలిసినవాళ్ళు సినిమాల్లోకి వచ్చారనడంలో వార్త లేదు. మన దగ్గర ఎప్పుడూ వస్తూనే ఉన్నారు. వీళ్ళు ఏం తీసుకొచ్చారన్నదే ప్రశ్న.

పదకొండేళ్ళు ఒక విదేశీ బ్యాంకుకి హైదరాబాదులో రిస్క్ రిపోర్టులు చేసిన మనిషిగా నేను ఈ సిరీస్‌కి వచ్చాను. లోపలి రహస్యాలు బయటపెడతారేమో అనుకున్నాను. అలాంటివేం లేవు. వాళ్ళు తెచ్చింది భాష. మొదటి ఎపిసోడు నుంచే ట్రేడింగ్ ఫ్లోరు మీద జనం ఫోన్లలో కేకలేసుకుంటుంటారు, అందులో ముప్పాతిక ప్రేక్షకుడికి అర్థం కాదు. ఎవరూ ఆగి చెప్పరు. ‘ది బిగ్ షార్ట్’ (2015) గుర్తుందా? తనఖా బాండ్లంటే ఏమిటో చెప్పడానికి నురగ నిండిన తొట్టిలో మార్గో రాబీని కూర్చోబెట్టారు. మన ‘లక్కీ భాస్కర్’లో (2024) కేషియరు భాస్కర్ నేరుగా మనవైపు తిరిగి బ్యాంకు రసీదుల గుట్టు విప్పుతాడు. రెండూ సరదాగా ఉంటాయి, నాకూ నచ్చాయి. కానీ అలా చెప్పడంలో ఒక ఒప్పందం ఉంది: ఇదంతా పైకి కష్టంగా కనబడే మోసం, నీకు అర్థమైతే నువ్వూ గెలిచినట్టే అని. ‘ఇండస్ట్రీ’ ఆ ఒప్పందానికి రాదు. లాభమా నష్టమా అన్నది మనకు మొహాల్లో తెలుస్తుంది. నిజంగా ఆ ఫ్లోరు మీద కొత్తగా చేరినవాడి పరిస్థితీ అదే కదా. అర్థం కాకపోయినా తలూపుతాడు.

రావిశాస్త్రి గారు విశాఖలో ప్లీడరు కాకపోయి ఉంటే ‘ఆరు సారా కథలు’లో కోర్టు అలా మాట్లాడేది కాదు. వృత్తి ఇచ్చే సమాచారం ఎవరైనా సేకరించుకోవచ్చు. కానీ వృత్తిలో మనుషులు ఒకరినొకరు బెదిరించుకునే తీరు, బుజ్జగించుకునే తీరు, అబద్ధం ఆడే తీరు లోపలుంటేనే చెవికెక్కుతాయి. డౌన్, కే ఎక్కువకాలం ఉద్యోగాలు చెయ్యలేదు. అయినా చెవి నిండినట్టే ఉంది.

ఇక రెండోది, ఖరీదు కట్టే చూపు. మొదటి ఎపిసోడులోనే హరి ధార్ అనే కుర్రాడు ఇంటికెళ్ళే టైము కలిసొస్తుందని ఆఫీసు టాయిలెట్‌లో పడుకుంటూ, మాత్రలు మింగుతూ పనిచేసి, అక్కడే చచ్చిపోతాడు. 2013లో లండన్‌లో ఒక ఇంటర్న్ చనిపోయినప్పుడు పని గంటల మీద పెద్ద చర్చే జరిగింది. ఆ నీడ ఈ ఎపిసోడు మీద ఉంది. వేరేవాళ్ళయితే సీజన్ అంతా ఆ చావు మీద నడిపేవాళ్ళు. వీళ్ళు నడపరు. సంతాపం తెలుపుతారు, ఎవరూ తెల్లవార్లూ ఉండొద్దని మాటలు చెబుతారు, ఫోన్లు మళ్ళీ మోగుతాయి. హరి లేని లోటు కూడా ఒక లెక్కలోకి వెళ్ళిపోతుంది.

హార్పర్, ఎరిక్‌ల సంబంధంలో ఈ చూపు బాగా తెలుస్తుంది. హార్పర్ స్టెర్న్ డిగ్రీ పూర్తి చెయ్యకుండా దొంగ మార్కుల పత్రం చూపించి చేరిన నల్లజాతి అమెరికన్ పిల్ల. ఎరిక్ టావ్ ఆమె బాసు, గురువు, అప్పుడప్పుడూ రాక్షసుడు. మొదటి సీజన్ చివర తన మేలు కోరిన పై అధికారిణిని కాదని, ఉద్యోగం పోయిన ఎరిక్‌ని హార్పర్ వెనక్కి రప్పిస్తుంది. రెండో సీజన్ చివర ఎరిక్ ఆ పాత పత్రాన్ని బయటికి తీసి ఆమె ఉద్యోగం ఊడగొడతాడు. అంతకంటే పెద్ద నేరంలో ఇరుక్కోకుండా కాపాడాడా, అవసరం తీరిపోయి అమ్మేశాడా? రెండుసార్లు చూశాను, తేల్చుకోలేకపోయాను. ఆ ఎటూ తేలకపోవడమే ఈ సిరీస్ బలం. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి ప్రేమ ఉంది. ఆ ప్రేమకి రోజూ సాయంత్రం మార్కెట్ మూసే వేళకి ఒక ధర పడుతుంది.

ఇంతవరకూ మెచ్చుకోలు. కానీ ట్రేడింగ్ ఫ్లోరు వదిలొచ్చినవాళ్ళు దాని భాషతోపాటు దాని గుడ్డితనాన్నీ వెంట తెచ్చుకున్నారని నా ఫిర్యాదు.

ఫ్లోరు మీద అవతలి మనిషి ఫోనులో గొంతు మాత్రమే. ఆ గొంతు వెనక ఎవరి పింఛను, ఎవరి పొదుపు ఉందో తలుచుకుంటే ఆ పని చెయ్యలేరు. సరే, అది వాళ్ళ వృత్తిధర్మం. నిర్మాతకి కూడా ఆ ధర్మం వర్తించాలా? మూడో సీజన్‌లో లూమీ అనే హరిత ఇంధన కంపెనీ షేరు మార్కెట్‌కొచ్చి కుదేలవుతుంది, చివరికి పియర్‌పాయింటే చేతులు మారుతుంది. అందులో మునిగిన చిన్న మదుపరి ఒక్కడూ మనకు పాత్రగా ఎదురుకాడు. కంపెనీ యజమాని హెన్రీ మక్ ఉంటాడు, అతని బంగళాలు ఉంటాయి. పతనం ఎప్పుడూ పై అంతస్తుల్లోంచి చూసిన పతనమే. ఫ్లోరు మీద మూసిన లెక్కల్ని రాత్రంతా సరిచూసే మా లాంటి ఆఫీసులూ ఆ కథలో పాత్రలు కావు. నన్ను చూపించలేదన్న ఉక్రోషం కాదిది. చూపించకపోవడం వల్ల కథకి తగ్గిందేమిటో రిషి రమ్దానీ దగ్గర తెలుస్తుంది.

రిషి నోటిదూల ఎక్కువున్న ట్రేడరు. మూడో సీజన్‌లో జూదం అప్పుల్లో కూరుకుపోతాడు. ఆఖరి ఎపిసోడులో అప్పిచ్చినవాడు ఇంటికొచ్చి అతని కళ్ళముందే భార్యని కాల్చేస్తాడు. చూస్తున్నప్పుడు నిజంగానే గుండె ఆగినంత పనైంది. మర్నాడు ఆలోచిస్తే ఆ దడ తప్ప ఏమీ మిగల్లేదు.

అప్పు వల్ల ఇంట్లో జరిగిన హత్య అంటే తెలుగు పాఠకుడికి వెంటనే గుర్తొచ్చేది కాళీపట్నం రామారావు గారి ‘యజ్ఞం’. 1964 నాటి కథ. అక్కడ సీతారాముడు కన్నకొడుకుని చంపేసే చోటుకి చేరేలోపు కారా మాస్టారు మనచేత లెక్కలు చేయిస్తారు. ఊరు ఎలా మారింది, డబ్బు ఎటునుంచి వచ్చి ఎటు పోయింది, నిజాయితీగా బతికినవాడి అప్పు ఎలా పెరిగింది, అన్నీ. విసుగొచ్చేంతగా లెక్కలు. అందుకే చివర జరిగింది నేరంలా కాక, ఆ లెక్కలకి వచ్చిన జవాబులా ఉంటుంది. ఆయన బడిపంతులు. లెక్కలే బతుకుగా ఉన్న ఈ ఇద్దరు మాత్రం రిషి అప్పుని అతని సొంత బలహీనతగా, ఒక జూదరి పాపంగా తీశారు. ఇంటి దగ్గర రిషి ఆడిందీ, పగలు బ్యాంకు డబ్బుతో ఆడేదీ ఒకటే ఆట అని సిరీస్ సూచిస్తుంది, నిజమే. కానీ బ్యాంకు ఆడిన ఆటలో ఎవరి ఇంట్లో శవం లేచిందో చూడదు.

మరి మన సంగతి? మనకు అప్పు తీసుకున్నవాడి కథలు గొప్పవి ఉన్నాయి. ‘లక్కీ భాస్కర్’ దర్శకుడు వెంకీ అట్లూరి బ్యాంకు లోపలికి వెళ్ళి కేషియరు గుబులుని బాగానే పట్టుకున్నాడు. అప్పు పుట్టని మధ్యతరగతి మనిషి అవమానం ఉన్న మొదటి భాగం నాకు ఇప్పటికీ ఇష్టం. కానీ తర్వాత హీరో ఓడిపోకూడదు కాబట్టి లెక్కలన్నీ అతనివైపే తేలతాయి. ఎవరు పోగొట్టుకున్నారన్నది అక్కడా అడగం.

నానక్‌రాంగూడ అద్దాల మేడల్లో ఇవాళ వేలమంది తెలుగువాళ్ళు ఎవరిదో డబ్బుకి కాపలా కాస్తూ, లెక్క కడుతూ ఉన్నారు. వాళ్ళలో ఎవరో ఒకరు ఉద్యోగం మానేసి ఈ ఇండస్ట్రీలోకి వస్తారు. ఈపాటికే వచ్చేసి ఏ ఆఫీసులోనో కథ చెబుతూ ఉండొచ్చు కూడా. అతనికో, ఆమెకో ‘ఇండస్ట్రీ’ మూడు సీజన్లూ తప్పకుండా చూడమని చెబుతాను, మాట వినడం ఎలాగో నేర్చుకోవడానికి. ఆ తర్వాత ‘యజ్ఞం’ మళ్ళీ చదవమంటాను. ఫోను అవతల ఉన్న మనిషి ఇంటిదాకా వెళ్ళే దారి డౌన్, కేల దగ్గర దొరకదు, అందులో ఉంది.