క్నిట్సియా లెక్క

అరవై ముక్కల చిన్న పేక. అయిదు రంగులు; ఒక్కో రంగులో 2 నుంచి 10 దాకా అంకెలు, వాటితోపాటు చేతులు కలిపిన బొమ్మ ముక్కలు మూడేసి. ఇద్దరు ఆడాలి. చేతిలో ఎనిమిది ముక్కలుంటాయి. వంతు వచ్చినప్పుడల్లా ఒకటి దించాలి లేదా పారేయాలి, ఒకటి తీసుకోవాలి. ఒక రంగు మొదలుపెట్టాక అంకె పెరుగుతూనే పోవాలి. 6 దించాక చేతికొచ్చిన 4 ఆ వరుసలో ఇక పడదు. ఇంతవరకు పిల్లలాట. 1999లో వచ్చిన ఈ ‘లాస్ట్ సిటీస్’కు పదును తెచ్చింది మరో నియమం: ఏ రంగు మొదలుపెట్టినా ముందే 20 పాయింట్లు ఖర్చు.

ఆ ఇరవైని కాస్త తరచి చూడాలి. ఒక రంగులో 2 నుంచి 10 దాకా అన్నీ దించినా మొత్తం 54. ఖర్చు పోగా మిగిలేది 34 (ఎక్కువ ముక్కలు దించినందుకు వచ్చే బోనస్ కాక). ఒక్క 5 దించి ఆ రంగు వదిలేస్తే పదిహేను నష్టం. దానికి ముందు చేతులు కలిపిన ముక్క ఒకటి వేసి ఉంటే, లాభాన్ని రెట్టింపు చేయాల్సిన ఆ ముక్కే నష్టాన్ని ముప్ఫై చేస్తుంది. దాన్ని అంకెలకంటే ముందే వేయాలి కాబట్టి, చేతిలో ఏముందో పూర్తిగా తేలకముందే ధైర్యం చేయాలి. ఆగుదామంటే ఆగనివ్వదు: కట్టలో ఆఖరి ముక్క తీయగానే ఆ విడత అయిపోతుంది. పారేద్దామంటే, పారేసిన ముక్క ఎదుటివాళ్ల చేతికి పోవచ్చు. రమ్మీలో అక్కరలేని ముక్కను పారేయడానికి జంకే మనవాళ్లకు ఈ ఇబ్బంది చెప్పకుండానే అర్థమవుతుంది. 20 బదులు 10 పెడితే అన్ని రంగులూ మొదలుపెట్టేస్తాం, 30 పెడితే ఏదీ ముట్టుకోం. సందేహం సరిగ్గా నిలిచేచోట ఆ అంకె ఉంది.

ఆ అంకె పెట్టిన రైనర్ క్నిట్సియా 1957లో జర్మనీలోని ఇల్లర్‌టిస్సెన్‌లో పుట్టారు. ఉల్మ్ విశ్వవిద్యాలయంలో గణితంలో డాక్టరేట్ చేసి, కొంతకాలం బ్యాంకింగ్ రంగంలో పనిచేసి, 1997 నుంచి పూర్తిగా ఆటల రూపకల్పనకే అంకితమయ్యారు. అచ్చయిన ఆటలు ఆరు వందలకు పైనే. అన్నీ గొప్పవి కావు, అంత రాశిలో కావడం కుదరదు కూడా. గొప్పవాటిలో మాత్రం పనితనమంతా ఒకేచోట కనిపిస్తుంది: పాయింట్లు లెక్కవేసే నియమంలో. ఆటగాడి మనసు ఎటు లాగాలో ఆ నియమమే తేలుస్తుంది.

1997 నాటి ‘టైగ్రిస్ అండ్ యూఫ్రటీస్’ నా దృష్టిలో ఆయన శిఖరం. రెండు నదుల మధ్య రాజ్యాలు కట్టడం, కలిసినచోట యుద్ధాలు. పాయింట్లు నాలుగు రంగుల్లో వస్తాయి: ఎరుపు గుడులకు, నలుపు ఊళ్లకు, నీలం పొలాలకు, ఆకుపచ్చ అంగళ్లకు. చివర్లో మాత్రం ఏ రంగులో మీకు అన్నిటికన్నా తక్కువ ఉందో అదే మీ స్కోరు. మూడు రంగుల్లో ఇరవైలు పోగేసి నాలుగోదాంట్లో మూడే ఉంటే, మీది మూడు. ఈ ఒక్క వాక్యంతో దురాశకు చోటు లేకుండా పోయింది. బలమున్నచోట మరింత బలం పెంచుకుంటే దండగ. బలహీనంగా ఉన్న రంగు కోసం, గెలుస్తామో లేదో తెలియని పోరులోకి దిగాల్సిందే. ఎవరు ఎంత కూడబెట్టారో తెర వెనక దాచుకుంటారు కాబట్టి పక్కవాళ్ల కొరత ఏమిటో కూడా పసిగడుతూ ఉండాలి. 1998లో దీనికి జర్మన్ ఆటల బహుమతి ‘డాయిచర్ ష్పీలెప్రైస్’ దక్కింది. తక్కువ రంగే స్కోరు అనే ఈ లెక్కనే 2004లో ‘ఇంజీనియస్’లో యుద్ధాలూ రాజ్యాలూ తీసేసి, ఉత్త రంగుల బిళ్లలతో మళ్లీ వాడారు. అక్కడా నిలబడింది.

‘మోడర్న్ ఆర్ట్’ (1992) వేలంపాటల ఆట. అయిదుగురు కల్పిత చిత్రకారులు, డెబ్బై చిత్రాలు. ఏ చిత్రానికీ సొంత విలువంటూ లేదు; ఆ విడతలో ఎవరి చిత్రాలు ఎక్కువ వేలానికొచ్చాయో వారికే ధర. మొదటి మూడు స్థానాల్లో లేనివారి చిత్రాలు ఆ విడతలో చిత్తుకాగితాలే. మీరు కొంటే ఆ డబ్బు నేరుగా అమ్మిన ఆటగాడి చేతికే వెళుతుంది. అందుకే చౌకగా దొరికిందని మురిసిపోవడానికి లేదు, ప్రత్యర్థికి ఎంత ఇచ్చామో కూడా చూసుకోవాలి. ధరలన్నీ ఆడేవాళ్ల నమ్మకంలోంచే పుడతాయి.

ఆయన ఆటల్లో కథ పలచన, లెక్కకు పైపూత మాత్రమే అనే విమర్శ ఉంది. ‘రా’, ‘మెడిచి’ లాంటివి చూస్తే కాదనలేం. అదే పేరుగల పుస్తకం ఆధారంగా 2000లో వచ్చిన ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ను మాత్రం ఆ గాటన కట్టడం అన్యాయం. అందరూ ఒకే పక్షాన ఆడే బల్లమీది ఆటలు అప్పటికి అరుదు. ఆటగాళ్లు హాబిట్లు, ఒకే గీత మీద ఆ చివర శత్రువు సౌరాన్, ఈ చివర వీళ్లు. దెబ్బ తగిలినకొద్దీ హాబిట్ అటు జరుగుతాడు, సౌరాన్ ఇటు వస్తాడు. కలిస్తే ఆ ఆటగాడి పని అయిపోయినట్టే. ఉంగరం మోసేవాడు కలిస్తే అందరూ ఓడినట్టే. పాయింట్లు మాత్రం అందరికీ ఉమ్మడి. కనుక ఉంగరం ముందుకు సాగాలంటే ఆ దెబ్బ ఎవరు కాస్తారనే మాట బల్ల చుట్టూ తిరుగుతుంది. చివరికి ఎవరో ఒకరు తన హాబిట్‌ను చీకటివైపు జరుపుతారు. పుస్తకంలోని త్యాగాన్ని వర్ణనలేవీ లేకుండా ఒక గీతతో, రెండు బొమ్మలతో ఆడించారు క్నిట్సియా.