ఈగకు ప్రాణం పోసిన చేతులు

గడ్డిఅన్నారం నుంచి దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డెక్కితే కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య యానిమేషన్, వీఎఫ్‌ఎక్స్ కోర్సుల బోర్డులూ కనిపిస్తాయి. ఆ గదుల్లో నేర్పే పనికి కొండంత ఓపిక కావాలి. సినిమా అంటే సెకనుకు 24 ఫ్రేములు. అయిదు సెకన్ల షాటుకు 120. ప్రతి ఫ్రేములోనూ నటుడి జుట్టు అంచు వెంట గీత గీసి, బొమ్మను వెనకున్న దృశ్యం నుంచి విడదీసేవాళ్లు రోటో ఆర్టిస్టులు. ఆ గీత ప్రేక్షకుడికి కనపడకపోతేనే వాళ్లు గెలిచినట్టు.

కంప్యూటర్ గ్రాఫిక్స్ లేని 1957లో 'మాయాబజార్' కోసం ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే కెమెరాతోనే మాయ చేశారు. అయినా మన మనసులో నిలిచింది ఘటోత్కచుడి ఆకలీ, అల్లరీ. 2012 నాటి 'ఈగ'లో నటుడు సుదీప్ ఎదుట లేని ఈగను చూసి భయపడుతూ నటించారు. ఈగ ఆ తర్వాత కంప్యూటర్‌లో పుట్టింది. మాట రాని ఆ పురుగు కదలికల్లో ప్రేమనీ పగనీ పలికించిన గ్రాఫిక్స్ సంస్థ మకుటకు జాతీయ అవార్డు దక్కింది.

పాత్ర లేని గ్రాఫిక్స్ ఇల్లు చేరేలోగా మరుపున పడతాయి. పాత్ర మనసెరిగి పనిచేసే గ్రాఫిక్స్ కళాకారుడు నటుడితో సమానం. ఆ కోర్సుల్లో చేరే పిల్లలు సాఫ్ట్‌వేర్‌తో పాటు మనుషులనూ చదవాలి. మనమూ తెర మీద చివరి పేరు పడేదాకా కుర్చీలోనే కూర్చుందాం.